నీడలో చూసిన జరీ

హిందూపురంలో మా అక్క ఇంటి అటక మీది పెట్టె దింపి, మేనకోడలు నా పాత నికాన్ డీ40 పట్టుకొచ్చింది. "మామా, ఇది పనిచేస్తుందా? మా కాలేజీలో అందరూ ఇలాంటివే వెతుకుతున్నారు" అంది. 2006లో వచ్చిన కెమెరా. ఆరు మెగాపిక్సెళ్లు. కొత్త బ్యాటరీ వేయగానే లేచి కూర్చుంది.

లోపల ఉన్నది సీసీడీ సెన్సర్. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ దాన్ని కనిపెట్టారు. 2009లో నోబెల్ అందుకున్నారు. తర్వాత దాని స్థానంలోకి సీమాస్ సెన్సర్లు వచ్చాయి. సీసీడీ రంగులే వేరని ఇప్పటి పిల్లలు మురిసిపోతున్నారు. ఆ ఘనత సెన్సర్ ఒక్కదానికే ఇవ్వలేను. రంగు తేలడంలో దాని మీది ఫిల్టర్లకూ, కెమెరా లోపలి లెక్కలకూ వాటా ఉంది. నా చేతికి తెలిసిన తేడా ఇంకొకటి. ఫోన్ ఒక్క నొక్కుకి చాలా ఫ్రేములు తీసి, కలిపి, నీడల్ని పైకి లేపుతుంది. ఈ కెమెరా ఒకే ఫ్రేమ్ తీస్తుంది.

ఇద్దరం పొద్దున్నే రైలెక్కి పెనుకొండలో దిగాం. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు. గగన్‌మహల్ కమానుల లోపల చీకటి, బయట తెల్లటి ఎండ. రెండూ ఒకే ఫొటోలో ఈ కెమెరాకి ఇమడవు.

"ఫోనైతే రెండూ చూపిస్తుంది కదా మామా?"

"చూపిస్తుంది. నీకు ఏది కావాలో మాత్రం అడగదు."

కాసేపు ఆలోచించి, కమాను కోసం ఆకాశాన్ని వదులుకుంది.

మధ్యాహ్నానికి ధర్మవరం. ఒక మగ్గం ఇంటి వాకిట్లో, ఎండలో పట్టుచీర పరిపించి నేనే ఫొటో తీశాను. జరీ అంచు తెల్లగా తేలిపోయింది, ఒక్క పోగూ కనబడలేదు. నేసిన పెద్దాయన చీర మడిచి లోపలికి నడిచాడు. "జరీని నీడలో చూడాల నాయనా. ఎండలో ఏ చీరైనా మెరుస్తాది."

లోపల కిటికీ వెలుగు ఏటవాలుగా పడుతోంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. కుచ్చు తిప్పినప్పుడల్లా మడతలో రెండో రంగు కదిలింది. ఆయన కళ్లు ఏళ్లుగా చేస్తున్న పనిని నా కెమెరా ఆ పూట నాకు మళ్లీ నేర్పింది. ముందు వెలుగుని చూడాలి, తర్వాతే వస్తువుని.

పాత కెమెరాల మీద ఈ మోజు కొన్నాళ్లకు తగ్గవచ్చు, వాటి ధరలూ దిగవచ్చు. ఈలోగా పిల్లలకి ముందు వెలుగుని చూసే అలవాటు అబ్బితే చాలు.

ఆ రోజంతా మేనకోడలు తీసినవి పద్నాలుగే. ఆఖరిదానికి కెమెరా వెంటనే ఎత్తలేదు. కొంగు కాస్త జరిపి, కిటికీ తలుపు ఓరగా వేసి, అప్పుడు కన్ను ఆనించింది.