మాటను డోలు అందుకునే చోటు

తెలంగాణ జానపద కళ అయిన ఒగ్గు కథకు వెళ్లినవాళ్ల చూపంతా కథకుడి మీదే ఉంటుంది. చెవి మాత్రం డోలు మీద పెట్టాలి. కథకుడు మాటను చివరిదాకా లాగడు, కొసన కాస్త జాగా విడుస్తాడు. ఆ జాగాలోకి డోలు వచ్చి పడుతుంది. ఎంత విడవాలో కథకుడికి, ఎప్పుడు అందుకోవాలో డోలు కొట్టేవాడికి తెలియడమే ఈ కళలో అసలు పనితనం. దాన్ని శిఖరానికి చేర్చిన మనిషి చుక్క సత్తయ్య.

ఆయన 1935లో పుట్టారు, 2017 నవంబరులో పోయారు. ఊరు జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలంలోని మాణిక్యాపురం. కేంద్ర సంగీత నాటక అకాడమీ ఆయనకు 2014 సంవత్సరానికి పురస్కారం ఇచ్చింది. అయితే ఆయన గొప్పతనం బిరుదుల్లో కాదు, కూర్పులో ఉంది.

ముందు బృందం సంగతి. కథ నడిపేవాడు ఒకడు, పక్కన వంత పలికేవాడు ఒకడు. వెనక డోళ్లు, తాళాలు, కంజీర, నపీర. వంత పలికేవాడి పని చిన్నదనిపిస్తుంది కానీ కథ నడక అతని చేతిలోనే ఉంటుంది. ప్రధాన కథకుడు ఒక మాట అంటే ఇతను ఊఁ కొడతాడు, అడ్డు ప్రశ్న వేస్తాడు, హాస్యమాడతాడు. జనం మనసులో మెదిలే సందేహం వాళ్లకంటే ముందు ఇతని నోటే వస్తుంది. రాత్రంతా సాగే కథలో వినేవాళ్లు తూగకుండా కాపాడేది ఇదే. కథ వచనంలో నడుస్తూ నడుస్తూ దుఃఖమో కోపమో ముదిరేసరికి పాటలోకి జారుతుంది. ఎక్కడ జారిందో గమనించబోతే దొరకదు, ఎందుకంటే ఆ లోపలే డోలు నడక మారిపోయి ఉంటుంది.

వేషానికి సామాను చాలా తక్కువ. భుజాన కండువా ఉంటే రాజు. అదే తల మీద కప్పుకుంటే కొంగు, ఆ క్షణానికి అతను ఆడబిడ్డ. నడుముకు చుడితే గొర్లకాపరి. మధ్యలో తెర పడదు, దీపం ఆరదు. గొంతు, నడుము, కండువా మూడూ ఒక్కసారే మారాలి. డోలు దెబ్బ పడ్డాక కండువా కదిలితే జనం నమ్మరు. ఇది నేర్పితే వచ్చే విద్యే గానీ, ఏళ్లు పడుతుంది.

  

సత్తయ్య చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే సాహసంగా తోచేది కథల ఎంపిక. ఒగ్గు కథ మల్లన్నది, బీరప్పది, ఎల్లమ్మది. పెద్ద పండుగల్లో కులదేవతల ముందు చెప్పే కథ. ఆయన ఆ చట్రంలోకి రామాయణ, భారత కథలను తీసుకొచ్చారు. పద్యాల్లోనూ హరికథల్లోనూ స్థిరపడిపోయిన కథలవి. వాటిని ఒగ్గులోకి తేవాలంటే రాజులూ రాణులూ తెలంగాణ పల్లె మాట మాట్లాడాలి, మాట్లాడినా వాళ్ల బరువు తగ్గకూడదు. కథ కొత్తది, డోలు పాతది. పాత దరువు చెడకుండా కొత్త కథ నిలబడడం తేలిక కాదు.

ఇప్పుడు సభావేదికల మీద ఒగ్గుడోలు విన్యాసాలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి డోలు కొడుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ కథ లేని డోలు సగం కళే. పది నిమిషాల ప్రదర్శనలో ఆ జాగా విడవడం, అందుకోవడం ఎక్కడ కనబడుతుంది?

అది వినాలంటే జాతరకు వెళ్లాలి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం కొమురవెల్లి మల్లన్న దగ్గర జాతర సాగుతుంది. ఒగ్గు పూజారులు నేల మీద రంగుపొడులతో పట్నాలు వేస్తారు. జనగామ నుంచి చేర్యాల దారిలో వెళ్తే దూరం కాదు. వెళ్లినప్పుడు డోలు పక్కనే నిలబడి వినండి. అకాడమీలకు, విశ్వవిద్యాలయాలకు ఒక విన్నపం: ఒక్క కథనైనా రాత్రి మొదలు తెల్లారేదాకా, వంత ఊఁ కొట్టడంతో సహా, కోత పెట్టకుండా రికార్డు చేసి జనానికి అందివ్వండి.