అన్నదొకటి, విన్నదొకటి

దిగబోయే విమానానికీ నేల మీది కంట్రోలర్‌కూ మధ్య నడిచేదంతా దాదాపు రేడియో మాటల మీదే. గల్ఫ్ నుంచి శంషాబాద్‌కు వచ్చే విమానం చివరి అరగంటలో ఏరియా కంట్రోల్ నుంచి అప్రోచ్‌కు, అప్రోచ్ నుంచి టవర్‌కు చేతులు మారుతుంది. ఎత్తు, దిశ, వేగం, గాలి పీడనం, రన్‌వే, తర్వాత కలవాల్సిన ఫ్రీక్వెన్సీ... చెప్పేవన్నీ అంకెలే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి దుబాయ్, దోహా, దమ్మాం పోయి ఏళ్ల తర్వాత ఇంటికి వస్తున్నవాళ్లు కిటికీలోంచి దీపాలు చూసుకునే వేళ, కాక్‌పిట్‌లో పని ఎక్కువై వ్యవధి తగ్గిపోతుంది. పొరపాట్లకు అనువైన సమయం కూడా అదే.

పొరపాటును పట్టుకోవడానికి ఉన్న పద్ధతి రీడ్‌బ్యాక్. కంట్రోలర్ ఆదేశం ఇస్తాడు, పైలట్ దాన్ని తిరిగి అప్పజెబుతాడు, కంట్రోలర్ విని సరిచూసుకుంటాడు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య చెప్పిన మాట పక్క కార్మికుడికి అందిందో లేదో అతని ముఖం చూస్తే తెలుస్తుంది. రేడియోలో ముఖం ఉండదు కాబట్టి ఆ పని రీడ్‌బ్యాక్ చేయాలి. మూడో మెట్టు, అంటే కంట్రోలర్ నిజంగా వినడం, ఈ పద్ధతికి ఆయువుపట్టు. తప్పడానికి వీలున్నదీ అక్కడే. పదుల విమానాలతో మాట్లాడుతున్న మనిషికి తాను చెప్పిందే తిరిగి వినిపించినట్టు అనిపిస్తుంది. పైలట్‌కేమో తాను ఎదురుచూస్తున్న అంకె వినబడుతుంది. ఇద్దరు ఒకేసారి మైకు నొక్కితే కీచుమనే శబ్దం తప్ప మరేమీ మిగలదు.

1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్‌లో దిగబోతున్న ఫ్లయింగ్ టైగర్ కార్గో విమానానికి కంట్రోలర్ ‘డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో’ అన్నాడు. ఆయన ఉద్దేశం 2,400 అడుగులు. సిబ్బంది ఆ ‘టూ’ను రెండు అంకెగా కాక ‘కు’ అనే అర్థంలో తీసుకుని, 400 అడుగులకు దిగమన్నారనుకుని అలాగే జవాబిచ్చారు. ఆ జవాబులోని తప్పు కంట్రోలర్ చెవిన పడలేదు. విమానం కొండను ఢీకొని అందులోని నలుగురూ చనిపోయారు.

మన దేశంలో ఇలాంటి వాటన్నిటికంటే పెద్ద దెబ్బ 1996 నవంబర్ 12 సాయంత్రం తగిలింది. ఢిల్లీ నుంచి సౌదియా 747 పైకి వెళ్తోంది. అందులో చాలామంది బతుకుదెరువు కోసం సౌదీ పోతున్న కూలీలు. కజకిస్థాన్ ఐఎల్-76 ఢిల్లీకి దిగుతోంది. రాకపోకలు రెండూ ఒకే దారిలో. సౌదియాను 14,000 అడుగుల దగ్గర ఆపారు, కజక్ విమానాన్ని 15,000 వరకే దిగమన్నారు. ఎదురుగా 14 మైళ్ల దూరంలో విమానం ఉందని కంట్రోలర్ హెచ్చరించాడు. తర్వాత 13 మైళ్లు అన్నాడు, అది ఉన్న లెవల్ 140, అంటే 14,000 అడుగులు, అనీ చెప్పాడు. చూస్తున్నామని కజక్ రేడియో ఆపరేటర్ జవాబిచ్చాడు. ఇంగ్లిష్‌లో మాట్లాడే పని ఆయనది, విమానం నడిపేది వేరేవాళ్లు. ఎత్తు తెలుసుకోవాలంటే ఆయన పైలట్ల భుజాల మీదుగా తొంగి చూడాలి. కజక్ విమానం 15,000 దాటి కిందికి జారిపోయింది. పైకి వెళ్లమని ఆపరేటర్ చెప్పేసరికి ఆలస్యమైపోయింది. చర్ఖీ దాద్రి పొలాల మీద 349 మంది చనిపోయారు, ఒక్కరూ మిగల్లేదు.

జస్టిస్ లాహోటీ విచారణ, కేటాయించిన ఎత్తును కజక్ సిబ్బంది పాటించకపోవడమే కారణమని తేల్చింది. వాళ్లకు ఇంగ్లిష్ సరిగా రాకపోవడాన్నీ ఎత్తిచూపింది. అప్పటి ఢిల్లీ రాడార్ విమానం ఎత్తును చూపేది కాదు. పైలట్ నోటిమాటే కంట్రోలర్‌కు ఆధారం. ఆ తర్వాత రాకకూ పోకకూ వేర్వేరు దారులు వచ్చాయి, ఎత్తు చూపే రాడార్ వచ్చింది, ఢీకొట్టే ముప్పును హెచ్చరించే టీసీఏఎస్ పరికరం తప్పనిసరి అయింది. అంతర్జాతీయ విమానాలు నడిపే పైలట్లకూ వాళ్లతో మాట్లాడే కంట్రోలర్లకూ 2008 మార్చి నుంచి ఇంగ్లిష్ పరీక్ష పెట్టారు.

పరికరాలు ఎన్ని వచ్చినా నోటిమాట ముప్పు పూర్తిగా పోలేదు. 2022 మే 23న పారిస్‌లో దిగుతున్న ఏ320కి కంట్రోలర్ గాలి పీడనం 1001కి బదులు 1011 అని చెప్పాడు. పైలట్లు విన్నది విన్నట్టే అప్పజెప్పారు. రీడ్‌బ్యాక్ అక్షరాలా సరిపోయింది, అంకే తప్పు. ఆ అంకెతో సరిచేసుకున్న మీటరు చూపే ఎత్తుకంటే విమానం దాదాపు 280 అడుగులు కిందుగా ఉంది. వానలో రన్‌వే కనిపించక పైలట్లు మళ్లీ పైకి లేపే లోపు అది ఒక దశలో నేలకు ఆరడుగుల దగ్గరికి వచ్చింది.

గల్ఫ్ ప్రయాణికులున్న ప్రతి ఇంటికీ తెలియాల్సింది మంగళూరు ప్రమాదం. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812లో 166 మంది ఉన్నారు. అక్కడి రాడార్ రెండు రోజులుగా పనిచేయడం లేదు. అందుకే కిందికి దిగే అనుమతి మామూలుకంటే ఆలస్యంగా, రన్‌వేకు దగ్గరగా వచ్చాక దొరికింది. విమానం ఉండాల్సిన ఎత్తుకంటే చాలా పైన ఉండిపోయింది. కో పైలట్ ‘గో అరౌండ్’ (దిగకుండా మళ్లీ పైకి వెళ్దాం) అని పదేపదే అన్నాడు. అదే సమయంలో టవర్, సరైన దారిలో కుదురుకున్నారా అని అడిగింది. కెప్టెన్ గట్టిగా చెప్పడంతో కో పైలట్ ‘అఫర్మేటివ్’ (అవును) అని జవాబిచ్చాడు. టవర్ ఆ మాట నమ్మి దిగడానికి అనుమతి ఇచ్చింది. విమానం రన్‌వే దాటిపోయి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. ఇక్కడ ఎవరూ ఏ మాటా తప్పుగా వినలేదు. పక్క సీట్లోని అనుమానం రేడియోకు ఎక్కలేదు. మిగతా ప్రమాదాలకంటే ఇదే ఎక్కువ భయపెట్టాల్సిన విషయం.

అనుమానాన్ని పైకి అనడానికి ఈ వృత్తిలో చిన్న మాటలున్నాయి. వినబడకపోతే ‘సే ఎగైన్’, కుదరకపోతే ‘అన్‌ఏబుల్’, దిగడం సరిగా లేకపోతే ‘గో అరౌండ్’. వీటిని వాడటానికి మొహమాటపడే పైలట్‌కంటే వెంటనే వాడే పైలటే మంచి పనివాడు. కోరుట్ల నుంచి రాత్రంతా జీపులో వచ్చి శంషాబాద్‌లో ఎదురుచూసేవాళ్లూ, లోపల బెల్టు పెట్టుకుని కూర్చున్నవాళ్లూ ఒకటి గుర్తుంచుకోవాలి. దిగబోయిన విమానం ఒక్కసారిగా పైకి లేచి ఇంకో చుట్టు తిరిగితే పైలట్‌ను తిట్టుకోకండి. ఆయన తన పని సరిగ్గా చేస్తున్నాడు.