గాజుపాత్రలో లేని అండవాహిక

ప్రయోగశాలలో ఫలదీకరణం అనగానే శుక్రకణాన్ని అండంలోకి చేర్చడమే కష్టమని చాలామంది అనుకుంటారు. పంది విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. ఇక్కడ శుక్రకణం లోపలికి వెళ్లకపోవడం కన్నా, ఒకటి వెళ్లాక మిగతావి ఆగకపోవడమే పెద్ద సమస్య. రెండో మూడో, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువో ఒకే అండంలోకి దూరిపోతాయి. శాస్త్రవేత్తలు దీన్ని పాలిస్పెర్మీ అంటారు. ఫలదీకరణం జరిగిందనుకున్న అండాల్లో సగం దాకా ఇలా పాడైపోవడం ఈ రంగంలో పనిచేసేవారికి కొత్త కాదు. పంది అండమే బలహీనమని, దాని గోడే సరిగా లేదని చాలాకాలం అనుకున్నారు. కానీ నాలుగు దశాబ్దాల అనుభవాన్ని వరసగా చూస్తే వేరే సంగతి తేలుతుంది. తప్పు అండానిదీ కాదు, శుక్రకణానిదీ కాదు. వాటి కలయికను నడిపించే అండవాహికను మనం లెక్కలోంచి తీసేశాం.

ముందు ఈ పని ఎలా జరుగుతుందో చూడాలి. అండాశయాలు కబేళా నుంచి వస్తాయి. యాంటీబయాటిక్ కలిపిన గోరువెచ్చని సెలైన్‌లో, థర్మోస్ ఫ్లాస్కులో పెట్టి తెస్తారు. పంది అండానికి చలి గిట్టదు కాబట్టి దారిలో ఆ వేడి తగ్గకూడదు. అండాశయం మీద నీటి బుడగల్లా కనిపించే పుటికల్లో 3 నుంచి 6 మిల్లీమీటర్ల వాటిని ఎంచుకుని, సిరంజితో లోపలి ద్రవాన్ని లాగుతారు. ఆ ద్రవంలో చుట్టూ సహాయక కణాల పొరతో అండాలు దొరుకుతాయి. అవి పచ్చి అండాలు. 39 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో, హార్మోన్లు కలిపిన ద్రవంలో 42 నుంచి 44 గంటలు ఉంచితే గాని పక్వానికి రావు. కబేళాకు వచ్చే ఆడపందుల్లో ఎక్కువ భాగం ఆరు నెలల వయసువి, ఇంకా ఎదకు రానివి. వాటి అండాలు ఈనిన పందుల అండాలంత సత్తువగా ఉండవు. అంటే మొదటి మెట్టులోనే కొంత నష్టం ఖాయం.

మైక్రోస్కోపు కింద పెడితే ఇంకో ఇబ్బంది. పంది అండం నిండా కొవ్వు బిందువులే. ఎలుక అండం అద్దంలా కనిపిస్తే ఇది నల్లటి ముద్దలా ఉంటుంది. లోపల ఎన్ని శుక్రకణాలు చేరాయో పైనుంచి చూసి చెప్పలేరు. తెలుసుకోవాలంటే అండాన్ని రసాయనంలో స్థిరపరచి, రంగు ఎక్కించి లెక్కపెట్టాలి. అలా లెక్కపెట్టిన అండం ఇక బతకదు. కాబట్టి ఒకే విడతలోని కొన్ని అండాలను బలిచ్చి, మిగతావాటి సంగతి అంచనా వేసుకుంటారు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కొవ్వును ఒక పక్కకు చేర్చే పద్ధతీ ఉంది గానీ, ప్రతి అండానికీ చేసే పని కాదది.

ఇప్పుడు ఇదే కలయిక తల్లి శరీరంలో ఎలా సాగుతుందో గమనించండి. మగపంది ఒక్కసారి దాటితే పావులీటరు దాకా వీర్యం, అందులో వేల కోట్ల శుక్రకణాలు ఉంటాయి. గర్భాశయం దాటి అండవాహిక మొదట్లోకి చేరేసరికి వాటిలో చాలా కొద్ది మాత్రమే మిగులుతాయి. అక్కడ అవి గోడ కణాలకు అతుక్కుని ఆగిపోతాయి. అండం విడుదలయ్యే వేళకు ఆ నిల్వలోంచి కొన్ని కొన్నిగా విడివడి పైకి వెళ్తాయి. అండం దగ్గరకు ఏ సమయంలోనైనా చేరేవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ప్రయోగశాలలో మనం ఒక చిన్న చుక్కలో ఒక్కో అండం చుట్టూ వందల నుంచి వేల శుక్రకణాలు వదిలి, ఐదారు గంటలు అలాగే ఉంచుతాం. ఒకటి లోపలికి వెళ్లగానే అండం తన అంచున ఉన్న సూక్ష్మ సంచులను పగలగొట్టి బయటి పొరను గట్టిపరుస్తుంది. పందిలో ప్రధాన రక్షణ అదే. కానీ అందుకు కొంత వ్యవధి కావాలి. ఆ లోపే పక్కనున్నవి కూడా చొరబడతాయి. శరీరం లోపల ఈ తప్పు అసలు జరగదని కాదు, చాలా అరుదుగా జరుగుతుంది.

ఈ విద్య పుట్టుక కూడా ఇలాంటి పాఠమే చెబుతుంది. జపాన్‌లో ఇరిటానీ బృందం 1978లో పంది అండంలోకి శరీరం వెలుపల శుక్రకణాన్ని పంపగలిగింది. 1986లో కేంబ్రిడ్జ్‌లో చెంగ్, మూర్, పోల్జ్ పిల్లలను పుట్టించారు. అయితే ఆ అండాలు తల్లి శరీరంలోనే పక్వమైనవి. ప్రయోగశాలలోనే పక్వమైన అండాలతో పిల్లలు పుట్టినది 1989లో, ఇటలీలో మత్తియోలీ బృందం చేతుల్లో. ఆ రోజుల్లో పాలిస్పెర్మీ కన్నా ముందు ఇంకో గోడ అడ్డొచ్చింది. శుక్రకణం లోపలికి వెళ్లేది గానీ దాని తల విచ్చుకునేది కాదు. విచ్చుకోవడానికి అండంలో గ్లూటాథియోన్ కావాలని, పక్వం చేసే ద్రవంలో సిస్టీన్ ఉంటే అది సమకూరుతుందని తర్వాత తేలింది. లోపం అండానిది కాదని, మనం పోసిన ద్రవానిదని తేల్చిన తొలి పాఠం ఇదేనని నా అభిప్రాయం.

పాలిస్పెర్మీని తగ్గించాలంటే శుక్రకణాలను తగ్గిస్తే సరిపోదా అని ఎవరికైనా తోస్తుంది. తగ్గించి చూశారు. రెండో కణం లోపలికి వెళ్లడం తగ్గింది, దాంతోపాటే మొదటిది వెళ్లడమూ తగ్గింది. ఒక మగపందికి సరిపోయిన లెక్క ఇంకోదానికి సరిపోదు కూడా. 2000లో ఆస్ట్రేలియాలో అండాన్ని శుక్రకణాలతో పది నిమిషాలు మాత్రమే ఉంచి, పొరకు అతుక్కున్నవాటితో పాటు వేరే చుక్కలోకి మార్చి చూశారు. ఫలితం మెరుగుపడింది. అంటే అండవాహిక వడపోత పని చేత్తో చేసి చూశారన్నమాట. అసలైన మలుపు స్పెయిన్‌లోని ముర్సియా విశ్వవిద్యాలయంలో వచ్చింది. అండవాహికలో ఊరే ఒక గ్లైకోప్రొటీన్, హెపారిన్ వంటి పదార్థాలతో కలిసి, శుక్రకణం రాకముందే అండం పొరను గట్టిపరుస్తుందని పిలార్ కోయ్ బృందం 2008లో చూపించింది. ప్రయోగశాల అండానికి ఈ కవచం లేదు, ఎందుకంటే అది అండవాహికలో అడుగే పెట్టలేదు. ఆ వాహిక ద్రవాన్ని వాడి పెంచిన పిండాల్లో జన్యువుల పనితీరు సహజ పిండాలకు దగ్గరగా ఉందని అదే విశ్వవిద్యాలయం నుంచి 2017లో మరో అధ్యయనం వచ్చింది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. పంది నుంచి తీసిన ద్రవం ప్రతిసారీ ఒకేలా ఉండదు, వైరస్‌లు మోసుకురావచ్చు, కాబట్టి ప్రతి పదార్థం తెలిసిన కృత్రిమ ద్రవమే మేలంటారు. ఈ మాటలో న్యాయముంది. అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయం 2017లో పక్వం చేసే ద్రవానికి మూడు వృద్ధి కారకాలు చేర్చి, జన్యుమార్పిడి పందుల ఉత్పత్తిని దాదాపు నాలుగింతలు చేసింది. కానీ ఏం చేర్చాలో తెలియాలంటే శరీరం ఏం చేస్తుందో ముందు చదవాలి కదా. అండవాహికను చదవడం, శుద్ధమైన ద్రవం తయారుచేయడం ఒకదానికొకటి ఎదురు కావు, రెండోది మొదటిదాని మీదే నిలుస్తుంది.

పాలిస్పెర్మీ జరిగినా పిండం బ్లాస్టోసిస్ట్ అనే తొలి దశ దాకా ఎదుగుతుంది కదా, అంత బెంగెందుకు అనేవారూ ఉన్నారు. నిజమే, కొన్ని ఎదుగుతాయి. కానీ పందిలో కణ విభజనను నడిపే సెంట్రోసోమ్ శుక్రకణంతోనే వస్తుంది. రెండు శుక్రకణాలు వస్తే రెండు నాయకత్వాలు, క్రోమోజోముల పంపకం గతి తప్పుతుంది. పైకి చక్కగా కనిపించే పిండం గర్భంలో నిలవదు. పందికి ఈ నష్టం రెట్టింపు. గర్భం కొనసాగాలంటే తొలి రోజుల్లో కనీసం నాలుగు పిండాలు బతికి ఉండాలని 1966 నుంచే తెలుసు. అందుకే ఒక్కో తల్లికి పదుల సంఖ్యలో పిండాలు ఎక్కించాల్సి వస్తోంది.

కృత్రిమ గర్భధారణతోనే ఒక్కో ఈతకు పదికి పైగా పిల్లలు వస్తుంటే, ప్రయోగశాల ఎందుకన్నది అన్నిటికన్నా సూటి ప్రశ్న. మాంసం కోసమే అయితే అక్కర్లేదు. కానీ పందుల్ని కుంగదీసే పీఆర్ఆర్ఎస్ వైరస్ సోకకుండా జన్యువు మార్చాలంటే ఏకకణ పిండం చేతిలో ఉండాలి. 2022లో బాల్టిమోర్‌లో, 2024లో బోస్టన్‌లో మనుషులకు పంది అవయవాలు అమర్చారు. క్లోనింగ్‌తో ఆ దాత పందులను పుట్టించడానికైనా పక్వమైన అండమే పునాది.

మన దేశానికి ఇంకో కారణముంది. 2020లో అసోం, అరుణాచల్‌లలో మొదలైన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఈశాన్య రాష్ట్రాల్లో పందుల పెంపకాన్ని దెబ్బతీసింది. దానికి మందు లేదు, వ్యాధి వచ్చిన చోట మందనంతా తీసేయాల్సిందే. ఘుంగ్రూ వంటి దేశవాళీ జాతులను కాపాడుకోవాలంటే బీజం భద్రం చేయాలి. పంది వీర్యం గడ్డకట్టిస్తే శుక్రకణాలు చాలామటుకు చచ్చిపోతాయి, అందుకే దాన్ని 16, 17 డిగ్రీల దగ్గర కొద్ది రోజులే నిల్వ చేస్తారు. అండాల విషయంలోనైతే, జపాన్‌లోని సుకుబాలో 2014లో పచ్చి అండాలను గడ్డకట్టించి, కరిగించి, పక్వం చేసి, పిల్లల్ని పుట్టించారు. మనకు తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయంలో పందుల పరిశోధన ఎప్పటినుంచో ఉంది. ఏ కేంద్రమైనా ఈ పని చేపడితే, కబేళా నుంచి అండాశయాలతో పాటు వాటిని అంటిపెట్టుకున్న అండవాహికలనూ అదే ఫ్లాస్కులో తెచ్చుకోవాలి. ఇప్పటిదాకా చాలా చోట్ల కత్తిరించి పారేస్తున్న ఆ సన్నని గొట్టాల నుంచే పని మొదలుపెట్టాలి.