బురద కక్కే రాత్రి

సోమవారం పొద్దున గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో మా చిన్నత్త కొడుకు దిగాడు. తడి గోనెపట్టాలో చుట్టి కిలో బుడిత గుల్లలు తెచ్చాడు. హైదరాబాద్ గోల్నాకలో కాకినాడ గుల్లలంటే నాకు పండగే. అసలు వంట ముందురోజు రాత్రే మొదలవుతుందని ఇదివరకు చాలాసార్లు రాశాను.

అది చిన్నత్త నేర్పిన పని. రాళ్లుప్పు కలిపిన నీళ్లలో గుల్లలు వేసి, పైన పళ్లెం మూసేది. "కదపకురా, బెదిరితే నోరు విప్పవు" అనేది. తెల్లారేసరికి బేసిన్ అడుగున బూడిదరంగు ఒండ్రు పేరుకునేది. అప్పుడు ఒక్కో గుల్లనూ గోటితో తట్టేది. టక్కున మూసుకుంటే కూరకి, నోరు తెరుచుకునే ఉంటే పెంటకుప్పకి. విప్పితే లోపల ఎర్రటి నెత్తురు. మనలో ఉన్నట్టే దాని నెత్తుట్లోనూ హిమోగ్లోబిన్ ఉంటుందని తర్వాతెప్పుడో ఉస్మానియా క్యాంపస్‌లో చదువుకునేటప్పుడు తెలిసింది.

సోమవారం రాత్రి నేనూ అలాగే నానబెట్టాను. మంగళవారం ఒండ్రు బాగానే దిగింది. కానీ ఏడు గుల్లలు మూసుకోలేదు.

గుల్ల నీటిని వడగట్టుకుని బతుకుతుంది. దాంతో లోపలికొచ్చిన బ్యాక్టీరియా శుభ్రమైన ఉప్పునీళ్లలో ఒకటి రెండు రోజులుంచితే చాలావరకు పోతుంది. కాడ్మియం, సీసం అలా పోవు, కండలోనే ఉండిపోతాయి. కాడ్మియం లాంటి లోహాన్ని బంధించే ప్రొటీన్ తయారుచేసుకోవడానికి గుల్ల తన శక్తి ఖర్చుపెడుతుంది. పెరగడానికి, గుడ్లు పెట్టడానికి ఆ మేరకు తగ్గుతుంది. నీటిలో రాగి ఎక్కువైతే చిప్పలు బిగించుకుని తిండి మానేస్తుంది. సముద్రం ఆరోగ్యం తెలియాలంటే ఆల్చిప్పల్నే పరీక్షిస్తూ ఉండాలని 1975లో ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ ప్రతిపాదించింది అందుకే.

నానబెడితే చాలని ఇన్నాళ్లూ వాదించినవాణ్ని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ ఖాతంలో పడవల అడుగున పూసిన ట్రైబ్యుటైల్‌టిన్ రంగు వల్ల ఆల్చిప్పల పిల్లలు బతకలేదు, పెద్దవాటి చిప్పలు మందంగా వికారంగా పెరిగాయి. 1982లో చిన్న పడవలకు ఆ రంగు నిషేధించాక పిల్లలు మళ్లీ నిలిచాయి. అక్కడ బాగుచేసింది నీటిని.

మా గోల్నాక వంతెన కింద నురగతో పోయే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో. గోల్నాకకి సముద్రం దూరమని ఇదివరకు నేనే రాశాను. అదీ తప్పే.

రాత్రి చిన్నత్తకి ఫోన్ చేసి ఏడు మూసుకోలేదని చెప్పాను. "రైల్లో వడలిపోయుంటాయిరా" అంది. కాసేపాగి, "ఏ కాలవ మొగలో ఏరారో అడిగావా?" అంది.

అడగలేదు.