పండగ సినిమా: రెండు రకాల వూరట

పండగ రోజుల్లో జనం వినోదం కోరటం మనవాళ్లలో కొందరికి చిన్నతనంగా తోస్తుంది. అరిసెలు తిని, కొత్తబట్టలు కట్టుకుని, సినిమాకు పోయి నవ్వుకునే మనిషి సమస్యలనుంచి పారిపోతున్నాడని వారి ఆరోపణ. “పలాయనవాదం” అనే మాట చేతిలో వుంటే ఆ సినిమాను చూడవలసిన శ్రమ కూడా విమర్శకుడికి వుండదు.

ఈ తీర్పు నాకు సబబుగా కనపడదు. ఏడాది పొడుగునా పనిచేసిన మనిషికి విశ్రాంతి ఒక హక్కు. పనిగంటలు తగ్గించమని పోరాడిన కార్మికులు అడిగింది ఆ విశ్రాంతినే గదా! కనక వూరట కావాలా, అక్కర్లేదా అన్నది ప్రశ్న కాదు. ఏ రకం వూరట అన్నదే ప్రశ్న.

సంక్రాంతికి సినిమాలు విడుదల చెయ్యటంలో మర్మమేమీ లేదు. వరికోతలై, ధాన్యం ఇల్లు చేరి, చేతిలో నాలుగు డబ్బులాడే రోజులవి. ఆ డబ్బు మీద వ్యాపారికి కన్నుంటుంది. ఈ కాలంలోనయితే పెద్ద చిత్రాలకు టిక్కెట్టు ధర పెంచుకోవచ్చునని ప్రభుత్వాలు ప్రత్యేక వుత్తర్వులిచ్చిన సందర్భాలు కూడా వున్నాయి. వ్యాపారి ఎత్తు వ్యాపారిది. అంతమాత్రాన ప్రేక్షకుడి నవ్వు దొంగనవ్వు కాదు.

ఉదాహరణకు విజయావారి “మిస్సమ్మ” తీసుకుంటాను. ఎల్‌.వి. ప్రసాద్‌ దర్శకత్వంలో 1955 జనవరి 12న, సరిగ్గా సంక్రాంతి ముందు, వచ్చిన చిత్రం ఇది. రవీంద్రనాథ్‌ మైత్ర బెంగాలీ నాటకం “మన్మయీ గర్ల్స్‌ స్కూల్‌” దీనికి మూలం. శరత్‌ నవలలను తెలుగు చేసిన చక్రపాణి దీని రచయిత. నేను దీన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసినప్పుడల్లా నవ్వాను. ఎందుకు నవ్వానో ఆలోచించటమే ఇక్కడ నా పని.

కథ అందరికీ తెలిసినదే. అప్పాపురం జమీందారు బడికి టీచర్లు కావాలి. ఇద్దరూ పట్టభద్రులై వుండాలి. పైగా భార్యాభర్తలై వుండాలి. వుద్యోగం లేని రావు, డేవిడ్‌ బాకీ తీర్చలేక అవస్థపడుతున్న మేరీ, భార్యాభర్తలమని అబద్ధమాడి ఆ కొలువులో చేరుతారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవురాలు. వాళ్లను కలిపింది ప్రేమ కాదు, నిరుద్యోగం.

మన సినిమాల్లో నాయికా నాయకులు అంతకుముందూ ఆ తరువాతా చెట్లకిందా తోటల్లోనూ కలుసుకున్నారు. ఇక్కడ ఒక ప్రకటన వాళ్లను కలిపింది. బి.ఏ. చదివినా కూటికి గతిలేని దేశంలో ఆ అబద్ధం ఎవరికీ తప్పుగా తోచదు. హాల్లో కూర్చున్న గుమాస్తాకు, పంతులుకు, పరీక్ష రాసి కూర్చున్న కుర్రవాడికి అది తమ బతుకే. వాళ్లు నవ్వేది తమను తాము గుర్తుపట్టి. “ఈ అవస్థ నా వొక్కడిదే కాదు” అన్న వూరట ఆ నవ్వులో వుంది. ఇది మనిషిని నిద్రపుచ్చేది కాదు. మేరీ తన జీతం తాను సంపాదించుకోవాలనుకునే ఆడది. కోపం వస్తే దాచుకోదు. సావిత్రి ఆ కోపాన్ని నవ్వులాటగా మార్చకుండా నటించింది. ఇది కూడా లెక్కలోకి రావాలి.

మరి ముగింపు? మేరీ కాలిమీది పుట్టుమచ్చ బయటపడుతుంది. ఆమె జమీందారుకు చిన్నప్పుడు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి! అంతటితో అన్ని చిక్కులూ విడిపోతాయి. జమీందారు కూతురికి బాకీ వొక బాకీయా? ఆమెకు వుద్యోగమెందుకు? పుట్టుకచేత ఆమె హిందువే గనక రెండు మతాల మనుషులు పెళ్లాడవచ్చునా అనే ప్రశ్న అడక్కుండానే మాయమవుతుంది. రెండున్నర గంటలసేపు కథ ఏ ప్రశ్నల మీద నడిచిందో, వాటన్నిటినీ వొక్క పుట్టుమచ్చ మింగేసింది. ఇది రెండోరకం వూరట. మొదటిది మనిషికి తన స్థితిని చూపి తేలికపరిచింది. ఇది అతని స్థితినే దాచిపెట్టింది.

కాలాన్ని కూడా గమనించాలి. మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దుకు చట్టం చేసింది 1948లో. ఏడేళ్ల తరువాత తెరమీద ఎస్వీ రంగారావు జమీందారు ఎంత మంచివాడో చూడండి! ఆ మరుసటి నెలలోనే ఆంధ్ర రాష్ట్రంలో ఎన్నికలు జరిగాయి, కమ్యూనిస్టులు ఓడిపోయారు. దానికి ఈ సినిమా కారణమని నేననటం లేదు. అంత తెలివితక్కువ విమర్శ మనకు వద్దు. ఆ మంచి జమీందారుకు ఆదాయం ఎక్కడినుంచి వస్తున్నదో కథ ఎక్కడా అడగదని మాత్రమే అంటున్నాను.

హాస్యకథకు ఇంత తర్కమెందుకని కొందరంటారు. తర్కం నేను తెచ్చిపెట్టింది కాదు. నిరుద్యోగాన్ని కథలోకి తెచ్చింది రచయితే. తెచ్చినవాడు దానికి జవాబు చెప్పనక్కరలేదు. ప్రశ్నను ప్రశ్నగా వుంచినా చాలు. లేదని చెప్పటం మాత్రం కుదరదు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 టీచరు వుద్యోగాలకు ప్రకటన వెలువడితే మూడులక్షలకు పైగా అభ్యర్థులు ముందుకొచ్చారు. వీళ్లందరి కాళ్లమీదా పుట్టుమచ్చలుండవు.

అయితే మనం చెయ్యవలసిందేమిటి? పండగపూట ఉపన్యాసం పెడితే జనం రారు. రాకపోవటం వాళ్ల తప్పు కాదు. నవ్వును వ్యాపారికి వొదిలేసి, ఆనక జనం వ్యాపారి దగ్గరికి పోయారని విచారించటం దండగ. ప్రజానాట్యమండలివారు ఈ సంగతి ఎరుగుదురు. బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా ఇద్దరు వంతగాళ్లుంటారు. ఒకడు హాస్యం చెపుతాడు, ఒకడు రాజకీయం చెపుతాడు. హాస్యగాడు లేకపోతే జనం లేచిపోతారు. రెండోవాడు లేకపోతే జనం నవ్వి, వచ్చినట్టే ఇంటికి పోతారు. “మిస్సమ్మ” మొదటి వంతగాణ్ణి ఎంతో చక్కగా నిలబెట్టింది. రెండోవాడు నోరు తెరవబోయే సమయానికి తెర దించేసింది. వచ్చే సంక్రాంతికి ఆ ఇద్దరినీ వొకే తెరమీద నిలబెట్టగల రచయిత కావాలి.