కాసిం రజ్వీ చిత్రణ: కథనాలు ఆగిపోయే చోటు

కడప ప్రాంతాన్ని నిజాం 1800లోనే కుంఫిణీకి అప్పగించాడు. కనుక చిలమకూరులోనో ప్రొద్దుటూరులోనో కూర్చొని ఈ పాఠం చదివే విద్యార్థికి రజాకార్ల సంగతి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకొన్న జ్ఞాపకం కాకపోవచ్చు. పుస్తకాల ద్వారానో, 2024లో వచ్చిన ‘రజాకార్’ వంటి సినిమా ద్వారానో తెలిసి ఉంటుంది. ఇలా ఇతరుల కథనం మీద ఆధారపడినప్పుడు, ఆ కథనం ఎక్కడ ఆగిపోతున్నదో కూడా చూడాలి.

రజ్వీ లాతూరులో వకీలు. 1946లో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడయ్యాడు. హైదరాబాదు రాజ్యంలో ముస్లింలు పాలకజాతి అనీ, జనసంఖ్యతో నిమిత్తం లేకుండా అధికారం వారిదేననీ ఆ సంస్థ వాదించేది. అమెరికాలో తెల్లజాతి ఆధిక్యాన్ని ప్రచారం చేసిన జార్జ్ లింకన్ రాక్‌వెల్ వంటివారి వాదానికీ దీనికీ పోలిక ఉంది: పుట్టుకే అధికారపత్రం. తేడా ఏమిటంటే రాక్‌వెల్‌కు రాజ్యం అండ లేదు, రజ్వీకి ఉంది. అంతేకాదు, ఆ రాజ్యాన్నే శాసించే స్థితికి వచ్చాడు. 1947 అక్టోబరు 27న భారత ప్రభుత్వంతో ఒప్పందం కోసం ఢిల్లీ బయలుదేరవలసిన నిజాం ప్రతినిధుల ఇళ్లను అతని అనుచరులు చుట్టుముట్టారు. ప్రయాణం ఆగింది, ప్రధాని ఛత్తారీ నవాబు తప్పుకున్నాడు.

ఈ ఘట్టం నాటకీయమైనది. అందువల్లనే కాబోలు, సినిమాకు రజ్వీ ఒక్కడే చాలినంత విలన్‌గా కనిపిస్తాడు. దోషం అక్కడే ఉంది. అతణ్ణి రాక్షసుడిగా చూపడం అన్యాయమని కాదు. 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను చంపి చేయి నరికారు. అదే నెలలో బైరాన్‌పల్లిలో ఊరి జనాన్ని కాల్చిచంపారు. వీటిని తక్కువ చేసి చెప్పనవసరం లేదు. అయితే షోయబుల్లాఖాన్ ముస్లిం. భారత యూనియన్‌లో విలీనాన్ని సమర్థించాడు. ఆ ఒక్క పేరును కథలో సరిగా నిలబెడితే రజ్వీ తన మతస్థులందరి ప్రతినిధి అనే మాట నిలవదు. రజ్వీ కోరుకున్నది సరిగ్గా ఆ మాటే కదా!

మన మంచి రచయితలు ఈ ఉచ్చులో పడలేదు. నిజామాబాదు జైలులో ఉన్న దాశరథి కవితాగ్రహం ప్రధానంగా నిజాం మీద. ఆయన తమ్ముడు రంగాచార్యులు ‘చిల్లర దేవుళ్లు’ నవలకు పెట్టిన పేరే చూడండి: వేలు చూపుతున్నది ఊళ్లోని దొర, కరణం వైపు. వెట్టిచాకిరీ చేయించుకున్న దేశ్‌ముఖ్‌లలో హిందువులు ఎందరో. తమ గడీలను కాపాడుకోవడానికి రజాకార్ల తోడు తీసుకున్నవారూ వారిలో ఉన్నారు. రజ్వీని మాత్రమే చూపే కథలో వీరికి చోటు దొరకదు.

ఇక అతని ముగింపు. చాలా కథనాలు 1948 సెప్టెంబరు 17తో, సైన్యం గెలుపుతో తెర దించుతాయి. ఆ తర్వాత జరిగినది కథకు అంత అనుకూలం కాదు. రజ్వీ యుద్ధంలో చావలేదు. అరెస్టయ్యాడు, బీబీనగర్ దోపిడీ కేసులో శిక్షపడి జైలులో గడిపాడు, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లాడు. వెళ్లేముందు మజ్లిస్ పగ్గాలు అబ్దుల్ వాహెద్ ఒవైసీకి అప్పగించాడు. 1970లో కరాచీలో చనిపోయాడు. రాక్‌వెల్‌ను 1967లో తన పార్టీ మాజీ సభ్యుడే కాల్చిచంపాడు. రజ్వీకి అటువంటి నాటకీయమైన చావు కూడా దక్కలేదు.

తెర దించిన తర్వాత మిగిలినవారి మాటేమిటి? పోలీసు చర్య సమయంలోనూ తర్వాతా 27 వేల నుండి 40 వేల మంది ప్రాణాలు పోయి ఉంటాయని ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలు. రజ్వీ ఉపన్యాసం ఒక్కటైనా వినని పల్లె రైతులు, చేతిపనివారు ఎందరో. నాయకుడు కరాచీ చేరాడు, లెక్క వీళ్లు తీర్చారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. రజ్వీ మీద కోపంతో మొదలై సెప్టెంబరు 17న ఆగే రచన ఏదైనా, ఎంత బిగువుగా నడిచినా, ఈ మనుషులను రెండోసారి లెక్కలోంచి తప్పిస్తున్నది.