తుంగభద్ర పుట్టి: రాళ్ళ నదిని దాటించే విద్య

కాకినాడ నుంచి మద్రాసు మీదుగా దక్షిణానికి సాగిన తీరపు కాలువల్లో పడవలు రోజుల తరబడి ప్రయాణించాయి గాని, బళ్ళారి సీమకు ఎల్లగా పారే తుంగభద్రలో అటువంటి దూరప్రయాణానికి తావు లేదు. హంపీ పరిసరాల్లో గ్రానైటు గుండ్ల నడుమ ఒకచోట మడుగుగా నిలిచి, మరొకచోట ఉరకలెత్తే ఈ నదిలో అడుగు లోతుగా దిగే పడవ ఏదైనా రాతికి తగిలి పగలవలసిందే. అందుచేత ఇక్కడివారు నది వెంట పోవడానికి కాక నదిని దాటడానికి పనికివచ్చే పడవను రూపొందించుకున్నారు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లిన ఈ పడవను తెలుగువారు పుట్టి అనీ, అరిగోలు అనీ అంటారు. కన్నడిగులకు అది హరిగోలు.

విజయనగరాన్ని సుమారు 1520 ప్రాంతంలో చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, నది ఆవలి ఒడ్డున ఉన్న ఆనెగొందికి దాటించే ఈ పడవలను వర్ణిస్తూ, లోపల బద్దల అల్లిక, వెలుపల తోలు ఉంటాయనీ, పదిహేను ఇరవై మంది ఎక్కవచ్చుననీ, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ కూడా దాటిస్తారనీ రాశాడు. అవి తిన్నగా పోలేక ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయని కూడా ఆయన గమనించాడు. ఆ తిరుగుడును అదుపులో పెట్టడమే పుట్టి నడిపేవారి విద్యకంతటికీ మూలం.

చీల్చిన వెదురు బద్దలను నేలమీద పరిచి అడుగుభాగం అల్లుతారు. రాళ్ళ ఒరిపిడికి తట్టుకోవలసింది అదే కనుక అక్కడ అల్లిక దట్టంగా ఉంటుంది. తరువాత బద్దల కొసలను పైకి వంచి పక్కలు అల్లి, అంచును లావుగా కట్టి బిగిస్తారు. పూర్వం వెలుపల పచ్చితోలు తొడిగేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టాలు కప్పి తారు పూస్తున్నారు. ఇనుప మేకు లేని ఈ అల్లిక రాతికి తగిలినప్పుడు కొద్దిగా వంగి జారిపోతుంది. అడుగు చదునుగా ఉండడంవల్ల జానెడు నీటిలోనూ తేలుతుంది.

పుట్టికి ముందు వెనుకలు లేవు, నీటిని కోసుకుపోయే అడుగుదూలమూ లేదు. పక్కన తెడ్డు వేస్తే అది ముందుకు పోదు, గిర్రున తిరుగుతుంది. అందువల్ల నడిపేవాడు వెళ్ళవలసిన దిక్కుకు అభిముఖంగా అంచు దగ్గర ఉండి, ఒంటి తెడ్డును ఎదుటి నీటిలో నిలువుగా ముంచి, ఒకసారి కుడినుంచి, ఒకసారి ఎడమనుంచి తనవైపు లాక్కుంటాడు. ఒక పోటు తిప్పబోయినదాన్ని మరుపోటు సరిచేస్తుంది. ప్రయాణికులు అంచు చుట్టూ సమంగా కూర్చోకపోతే ఈ లెక్క తప్పుతుంది. ప్రవాహంతో పెనుగులాడడం కూడా ఈ పద్ధతిలో లేదు. పుట్టిని బోర్లించి మోస్తూ గట్టు వెంట ఎగువకు నడిచి, అక్కడ నీటిలో దించి, నీరు దిగువకు ఈడ్చేంతసేపట్లో అడ్డంగా లాక్కుంటూ అవతలి రేవు చేరతారు. వరద ఎంత పెరిగితే ఎగువకు అంత దూరం నడవాలి. చలికాలంలో వడి తగ్గితే ఆ నడక తగ్గుతుంది.

1803 మరాఠా యుద్ధంలో ఆంగ్లేయ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ తన సైన్యాన్ని నదులు దాటించడానికి ఇటువంటి బుట్టపడవలనే చేయించాడు. టైగ్రిస్ నది మీది కుఫా, వేల్స్ దేశపు కోరకిల్ కూడా ఈ కుటుంబానివే. ఇక తుంగభద్రకు వస్తే, 1953లో నీటిపారుదల మొదలైన తుంగభద్ర ఆనకట్ట నది ఋతువులను మార్చివేసింది. గేట్లు ఎత్తి భారీగా నీరు వదిలితే దిగువన ఉన్న కంప్లి వంతెన సైతం మునుగుతుంది, అప్పుడు పుట్టికీ సెలవే. ఆనెగొంది వద్ద కడుతున్న వంతెన 2009లో కూలిపోయాక ఆ రేవులో జనానికి పుట్టి ఆధారం మరికొంత కాలం కొనసాగింది.

నేడు హంపీకి వచ్చేవారి వినోదం కోసం పుట్టిని నీటి నడుమ కావాలని గిరగిరా తిప్పుతున్నారు. నడిపేవారి జీవనానికి ఆ రాబడి అవసరమే, దానిని తప్పుపట్టడం న్యాయం కాదు. అయితే చూసేవారికి దక్కుతున్నది పుట్టి బలహీనతే గాని దాని విద్య కాదు. వడి నీటిలో తిరగనివ్వకుండా అవతలి రేవుకు చేర్చడాన్ని కూడా ఆ ప్రయాణంలో చూపించి, దానికీ రుసుము ఇప్పించగలిగితే, బద్ద చీల్చడం మొదలు తెడ్డు పోటు దాకా ఉన్న నేర్పును పిల్లలకు నేర్పడానికి ఆ కుటుంబాలకు ఒక కారణం మిగులుతుంది.